టోగ్ తట్టుకున్న శనివారం

మా తమ్ముడు వాన్నెస్‌కు చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు. ఏ వస్తువు చేతికిచ్చినా అందులోంచి ఏం తీసేయొచ్చా అని చూస్తాడు. అమ్మ సైకిలు కొనిస్తే ముందు గంట విప్పాడు, తర్వాత మడ్‌గార్డులు విప్పాడు, ఆపైన బ్రేకుల జోలికి వెళ్తుండగా నాన్న పట్టుకున్నాడు.

"తేలిగ్గా పోతుంది నాన్నా."

"పోయేది సైకిలు కాదురా, నువ్వు."

అలాంటివాడు పెద్దయి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరాడు. అక్కడ మాత్రం రోజంతా ఏదో ఒకటి తగిలించమనేవాళ్ళే తప్ప తీసేయమనేవాళ్ళు లేరు. ఆ ఉక్రోషమంతా ఆదివారాల్లో మా కెఫేలో కూర్చుని తీర్చుకునేవాడు.

లిండెగెమ్‌లో 'నీలి పావురం' కెఫే నాది. పందెం పావురాలు పెంచేవాళ్ళ సంఘం మా వెనక గదిలో కూడుతుంది. సంఘానికి పెద్ద గాస్తోన్ తాత. డెబ్బై ఎనిమిదేళ్ళవాడైనా పావురాల బుట్ట ఎత్తడానికి ఇంకొకరి చెయ్యి పట్టనివ్వడు. ఆయనకు పక్కింటివాడూ, యాభై ఏళ్ళ ప్రత్యర్థీ అషీల్. పందెం రోజున, దూరాన వదిలిన పావురాలు ఇల్లు చేరేదాకా వీళ్ళంతా తోటలో గూళ్ళ పక్కన కుర్చీలు వేసుకుని ఆకాశం చూస్తూ, గింజల డబ్బా గలగలలాడిస్తూ కూర్చుంటారు. ఎవరి పావురం వచ్చింది, అక్కడ గాలి ఎటు వీస్తోంది అని ఒకరినొకరు అడుగుతూ ఉండాలి. అందుకో పాత సైటు ఉండేది. అది రానురానూ ప్రకటనలతో, ఎగిరే బొమ్మలతో బరువెక్కిపోయి వాళ్ళ పాత ఫోన్లలో తెరుచుకోవడం మానేసింది.

"ఒరేయ్ వాన్నెస్, నా పిట్ట ఫ్రాన్సు నుంచి ఇంటికొచ్చి నీళ్ళు తాగి పడుకుంది. ఈ పేజీ మాత్రం ఇంకా దార్లోనే ఉంది" అని గాస్తోన్ తాత ఫోను బల్ల మీద పడేసిన రోజు నాకు బాగా గుర్తు. మా వాడి కళ్ళు మెరిశాయి.

అలా పుట్టింది టోగ్. మా వైపు బార్ కౌంటరును టోగ్ అంటారు. మోచేతులు ఆనించి, పక్కనున్నవాడు ఎవరైనా సరే మాట కలిపే చోటు. తమ్ముడు రాసిన చర్చావేదికా అంతే. ఒకరు ఒక విషయం ఎత్తుతారు, మిగిలినవాళ్ళు దాని కింద జవాబులు రాస్తారు. అందులో గుండె గుర్తులు లేవు, ప్రకటనలు లేవు, ఫొటోలు అసలే లేవు. ఎంత పాత ఫోనులోనైనా నొక్కిన వేలు తీసేలోపు పేజీ వచ్చేస్తుంది. రాసిన కోడంతా అందరూ చూసేలా తెరిచి పెట్టాడు. ఎవరైనా తీసుకుపోవచ్చు, మార్చుకోవచ్చు, తమ ఊళ్ళో నడుపుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. మా సంఘం టోగ్ మాత్రం నా సామాన్ల గదిలో, బీరు పీపాల పైనున్న అరలో పెట్టిన ఓ చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది.

ఆ కోడుకు తమ్ముడు కాక చెయ్యి వేసిన మనిషి ఒక్కరే ఉన్నారు. పేరు టూలిక్కి. ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊళ్ళో లెక్కల టీచరు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఇద్దరూ ఏళ్ళ తరబడి రాతల్లో పోట్లాడుకున్నారు. ముఖ్యంగా ఫొటోల మీద. ఫొటో పెట్టే వీలు ఉండాలని ఆమె, పెడితే టోగ్ కూడా పాత సైటులా ఊబకాయం అవుతుందని వీడు. ఆమె ఆ భాగం రాసి పంపింది కూడా. వీడు 'వద్దు' అని రెండక్షరాల్లో తిప్పి పంపాడు. గాస్తోన్ తాత ఈ విషయంలో పూర్తిగా ఆమె పక్షం. పావురం సత్తా దాని కంట్లో తెలుస్తుందని, ఆ కంటి ఫొటో పెట్టనివ్వనివాడు ఓ మనిషేనా అని ఆయన వాదన.

ఇదంతా ఇలా ఉండగా ఆ వసంతంలో తమ్ముడు నీరసపడ్డాడు.

"ఎవరి కోసం అక్కా ఇదంతా?" అన్నాడు ఒక ఆదివారం, కౌంటరు తుడుస్తున్న నాతో. "మన ముసలాళ్ళు, టూలిక్కి. అంతే కదా. లోకంలో ఇంకెవరూ దీన్ని ముట్టుకున్నట్టు లేదు. ఒక్క ఉత్తరం ముక్క రాదు. వేసవిలో ఆపేస్తున్నానని ప్రకటన పెట్టేస్తాను."

"మరి మన ముసలాళ్ళో?"

"వాళ్ళకు నడుస్తూనే ఉంటుందిలే. నేను మాత్రం ఇంక దాని మీద కూర్చోను."

వాడి ముందు సూపు గిన్నె పెట్టాను.

ఆ సంగతి తెలిసి టూలిక్కి రాతలతో ఊరుకోలేదు. జూన్ నెల్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం వీపున సంచితో మా కెఫే తలుపు తోసుకుని వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, ఎండకు కందిన ముక్కు. ఎవరు కావాలని అడిగితే "వద్దు అనే అబ్బాయి" అంది ఇంగ్లీషులో. నాకు వెంటనే అర్థమైంది.

తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చి ఆమెను చూసి ఆగిపోయాడు. ఏళ్ళుగా వాదులాడుకున్న మనుషులు మొదటిసారి ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారో చూద్దామని నేనూ గ్లాసులు తుడుస్తూ అక్కడే నిలబడ్డాను.

"ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదు" అన్నాడు వాడు.

"నేనూ తేలిగ్గా ఉండేలా తయారయ్యాను. నీకు నచ్చాలే" అంది ఆమె.

అంతే, ఇక ఆగలేదు. బీరులో ఉడికిన మాంసం, వేయించిన ఆలుగడ్డలు చల్లారిపోతున్నా ఇద్దరూ ఫొటోల గొడవలోనే ఉన్నారు. ఆమె తెచ్చిన నల్లటి ఉప్పు మిఠాయి ఒకటి గాస్తోన్ తాత నోట్లో వేసుకుని, మర్యాదకు మింగి, "ఇది పావురాల మందేమో అడుగమ్మా" అన్నాడు నాతో. మనిషి మాత్రం ఆయనకు నచ్చింది. రేపు పందెం చూడ్డానికి తన తోటకు రమ్మన్నాడు.

శనివారం పొద్దున ఫ్రాన్సు నడిబొడ్డున పావురాలను వదిలారు. మా ఊరివే కాదు, దేశంలోని పల్లెపల్లె నుంచీ వెళ్ళినవి. ఎండ బాగుంది, గాలి అనుకూలం. మధ్యాహ్నానికి మొదటివి రావాలి. రాలేదు. గంట గడిచినా ఆకాశం ఖాళీ. ఆ తర్వాత తెలిసింది, దారిలో, ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీ మీద ఎవరూ ఊహించని ఉరుముల వాన విరుచుకుపడిందని.

గాస్తోన్ తాత తోటలో కూర్చోలేక టూలిక్కిని వెంటబెట్టుకుని కెఫేకు వచ్చేశాడు. ఆయన వెనకే అషీల్, ఆయన వెనకే సంఘమంతా. అందరూ టోపీలు చేతుల్లో పట్టుకుని చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. గాస్తోన్ తాత ముద్దుల పావురం జుల్మా కూడా ఆ వానలోనే ఉంది.

"మూడేళ్ళ పిల్ల" అన్నాడాయన. "ఎప్పుడూ ఆలస్యం చేయలేదు."

పందేల కబుర్లు చెప్పే పెద్ద సైటు అందరూ ఒక్కసారే మీద పడేసరికి పడిపోయింది. ఇంకోటి తెరుచుకునే లోపే ఆగిపోయింది. అప్పుడెవరో పక్క జిల్లావాడు ఎక్కడో రాశాడట, లిండెగెమ్ వాళ్ళ టోగ్ ఇంకా తెరుచుకుంటోంది, దొరికిన పావురాల కబురు అక్కడ రాయండని. అర్ధగంటలో మా సామాన్ల గదిలోని ఆ చిన్న డబ్బా మీదికి దేశం దేశమంతా వచ్చి పడింది.

తమ్ముడు ల్యాప్‌టాప్ కౌంటరు మీద పెట్టుకుని చూస్తున్నాడు. కొత్త కబుర్లు వర్షంలా పడుతున్నాయి. ఒకరి పైకప్పు మీద నాలుగు పావురాలు, బడి ఆవరణలో ఒకటి, పెట్రోలు బంకులో రెండు, కాలి రింగు మీది నంబరు ఇదీ అని.

"డబ్బా బాగానే ఉంది" అన్నాడు. "చెమట కూడా పట్టలేదు దానికి. కానీ మన లైను సన్నం అక్కా. కెఫేలో అందరి వైఫై కట్టేయ్."

కట్టేశాను.

"ఆ టీవీ కూడా అదే లైను మీద ఉంది."

టీవీలో సైకిల్ రేసు చివరి కొండ ఎక్కుతోంది. మా ఊళ్ళో ఆ సమయంలో టీవీ కట్టేస్తే ఏం జరుగుతుందో మీకు తెలియకపోతే నేను చెప్పలేను. అషీల్ వైపు చూశాను. ఆయన లేచి వెళ్ళి తన చేత్తో తనే కట్టేసి వచ్చి కూర్చున్నాడు.

అయినా సరిపోలేదు. పేజీ రావడం నెమ్మదించింది. తమ్ముడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"నేను ఒక మాట రాయనా?" అంది టూలిక్కి.

"ఎవరికి?"

"టోగ్ నడిపేవాళ్ళకి."

"ఎవరూ లేరని చెప్పాను కదా."

"లేకపోతే ఎవరూ చదవరు. నీకేం నష్టం?" అని ఆమె కోడు ఉండే చోట నాలుగు వాక్యాలు రాసింది. పావురాలు తప్పిపోయాయి, వాన్నెస్ లైను ఊపిరాడక ఉంది, మీలో టోగ్ నడిపేవాళ్ళుంటే ఈ వేదిక నకలు ఒకటి మీ దగ్గర నిలబెట్టండి, మనుషుల్ని మీ వైపు పంపిస్తాం అని.

నేను అందరికీ కాఫీ పోసి వచ్చేసరికి మొదటి జవాబు వచ్చింది. ఐర్లండులో కార్క్ నుంచి, ఒక గాయక బృందం వాళ్ళు. 'నిలబెట్టాం. పంపండి.' తర్వాత పోర్చుగల్‌లో పోర్తో నుంచి, మిద్దె తోటల వాళ్ళు. తర్వాత ఎస్తోనియాలో నక్షత్రాలు చూసే సంఘం. ఆ వెనక లీడ్స్‌లో వినికిడి లేనివాళ్ళ చదరంగ బృందం. అలా వస్తూనే ఉన్నాయి. టోగ్ అంత తేలిక కనుక నకలు నిలబెట్టడానికి ఎవరికీ ఎంతోసేపు పట్టలేదు. టూలిక్కి ఒక్కొక్కరి వైపూ కొంత కొంత జనాన్ని మళ్ళించింది. మా పేజీ మళ్ళీ వేలు తీసేలోపు తెరుచుకోవడం మొదలుపెట్టింది.

తమ్ముడు మాత్రం పావురాల సంగతి మరిచిపోయి ఆ జవాబులనే చూస్తున్నాడు. ఒక వేలితో కార్క్ వాళ్ళకు టైపు చేశాడు. 'మీరు ఎప్పటి నుంచి వాడుతున్నారు?'

'ఐదేళ్ళయింది.'

'ఒక్కసారి కూడా నాకు రాయలేదే?'

'ఒక్కసారి కూడా చెడిపోలేదు. ఏమని రాయాలి?'

వాడు లేచి సామాన్ల గదిలోకి వెళ్ళాడు. డబ్బా చూడ్డానికేమో అనుకున్నాను. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. పీపాల మధ్య నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఏమైందిరా?"

"గాయక బృందం అట అక్కా" అన్నాడు. "నక్షత్రాలు చూసేవాళ్ళట."

"విన్నాను. ముక్కు తుడుచుకుని రా. తాత జుల్మా ఇంకా దొరకలేదు."

సాయంత్రం కాఫీ వేళకు కబుర్ల మధ్య ఫ్రెంచిలో ఒకటి వచ్చింది. పికార్డీలో చికోరీ పండించే ఓదీల్ అనే ఆవిడ రాసింది. తన కొట్టం తలుపు తీసేసరికి లోపల దూలాల నిండా పావురాలేనట, తడిసి ముద్దయి వణుకుతున్నాయట, లెక్క పెట్టే ఓపిక లేదు కానీ డెబ్బైకి తక్కువ ఉండవట. రింగుల మీది అంకెలు తన కళ్ళకు ఆనడం లేదు, కళ్ళజోడు మీద ఎద్దు కాలేసింది, ఫొటో తీసి పంపుదామంటే ఈ పేజీలో ఆ వీలే కనబడలేదు, ఈ పేజీ చేసినవాడు ఎవడు?

చివరి వాక్యం నేనే అందరికీ చదివి వినిపించాను. కెఫే అంతా తమ్ముడి వైపు తిరిగింది. టూలిక్కి మాత్రం తిరగలేదు. కాఫీలో చక్కెర కలుపుకుంటూ కూర్చుంది.

"మీ దగ్గర ఆ భాగం ఇంకా ఉందా?" అన్నాడు వాడు.

"ఏ భాగం?"

"టూలిక్కి గారూ."

"ఓ, అదా. ఉంది. ప్రతి ఏడూ దుమ్ము దులుపుతూనే ఉన్నాను."

ఇద్దరూ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. మాటలు తగ్గిపోయాయి. 'ఇది చిన్నది చేయ్', 'ఇంకా చిన్నదా?', 'రంగు తీసేయ్', 'తీశాను' అనే ముక్కలు తప్ప నాకేమీ వినబడలేదు. ఫొటో ఎంత పెద్దది పంపినా బూడిద రంగులోకి మార్చి, కుదించి, గోరంత బరువు చేసి పేజీలో పెట్టేలా సర్దారు. తమ్ముడు ఓదీల్‌కు ఫోను చేసి, వచ్చీరాని ఫ్రెంచిలో, ఏది నొక్కాలో చెప్పాడు.

మొదటి ఫొటో కొట్టం పిల్లిది. రెండోది ఆవిడ బొటనవేలిది. మూడో ఫొటో నుంచి పావురాలు రావడం మొదలయ్యాయి. రింగుల నంబర్లు బూడిద రంగులోనూ చక్కగా కనబడుతున్నాయి. ఒక్కో నంబరు చదవగానే ఎక్కడో ఒక ఊళ్ళో ఎవరో ఒకరు 'నాదే' అని రాస్తున్నారు. మా గదిలోనే ఇద్దరు ముగ్గురు లేచి ఒకరినొకరు కౌగిలించుకున్నారు. మా వైపు మగవాళ్ళు పెళ్ళిలో కూడా అంతపని చేయరు.

ఇంతలో ఒక ఫొటోలో రింగు రెక్క కింద దాక్కుంది కానీ తల స్పష్టంగా పడింది. గాస్తోన్ తాత ల్యాప్‌టాప్‌కు ముక్కు ఆనించాడు.

"జుల్మా" అన్నాడు. "ఇదే. ఆ కన్ను చూడండి."

"నాకు గుడ్డు అట్టులా కనబడుతోంది" అన్నాడు అషీల్.

"నీకు నీ పెళ్ళాం కూడా అలాగే కనబడుతుంది. అది గుడ్లో ఉన్నప్పటి నుంచీ ఆ కన్ను నేనెరుగుదును. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం."

ఆదివారం పొద్దున అషీల్ వ్యానులో బయల్దేరాం. గాస్తోన్ తాత టై కట్టుకుని, జుల్మాకు ఇష్టమైన గింజల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాడు. వెనక తమ్ముడూ, టూలిక్కీ, నేనూ. వాన వెలిసి పొలాలు మెరుస్తున్నాయి. దారి పొడుగునా వెనక సీట్లో ఒకటే చర్చ.

"ఆ ప్రకటన ఎప్పుడు పెడుతున్నావు?" అంది టూలిక్కి.

"ఏ ప్రకటన?"

"ఆపేస్తున్నానని."

"నిన్న ఎస్తోనియా వాళ్ళు ఒక సంగతి రాశారు" అన్నాడు వాడు, ఆమె అడిగింది విననట్టు. "పేజీ పైన ఉన్న ఆ గీత తీసేస్తే ఇంకొంచెం తేలికవుతుందట. ఎందుకు తోచలేదో నాకు."

"గీత ఉండాలి."

"ఎందుకూ?"

"ఎందుకేమిటి, అందంగా ఉంటుంది."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. ఇంక వాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళనక్కర్లేదని అర్థమైంది.

ఓదీల్ ఎత్తుగా, బలంగా ఉంది. మమ్మల్ని చూడగానే "పేజీ చేసింది ఎవరు?" అని అడిగింది. మేమందరం తమ్ముణ్ణి చూపించాం. ఆవిడ వాడి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, "నా ఫోను పదకొండేళ్ళది. మా అబ్బాయి పారేయమంటాడు. నీ పేజీ ఒక్కటే అందులో తెరుచుకుంది" అంది. ఫొటోల సంగతి ఆవిడ మరిచేపోయింది.

కొట్టం నిండా పావురాలు ఆరిపోయి, తిని, తాగి, దూలాల మీద కువకువలాడుతున్నాయి. గాస్తోన్ తాత గింజల డబ్బా ఆడించుకుంటూ లోపలికి వెళ్ళి, ఆ కన్నున్న పావురాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. కోడలు చేసింది. ఆయన చెవులు మందం కనుక ఆమె మాట మాకందరికీ వినబడింది.

"మావయ్యా, జుల్మా ఇక్కడే ఉంది. నిన్న సాయంత్రమే వచ్చినట్టుంది. మీరు కెఫేలో ఉన్నారు కదా, ఎవరూ చూసుకోలేదు. గూట్లో పడుకుంది మహారాణిలా."

తాత ఫోను జేబులో పెట్టి చేతిలోని పావురాన్ని చూశాడు. అషీల్ ఆయన దగ్గరికి వెళ్ళి దాని రెక్క పక్కకు జరిపి రింగు చదివాడు.

"ఇది నాది" అన్నాడు.

తాత పావురాన్ని ఇంకా వదల్లేదు.

"నిన్నటి నుంచీ నా పావురాన్ని పట్టుకుని ఏడుస్తున్నావన్నమాట" అన్నాడు అషీల్.

"నీ పావురానికి ఇంత మంచి కన్ను ఉందని నాకెలా తెలుసురా" అన్నాడు గాస్తోన్ తాత. "యాభై ఏళ్ళుగా ఒక్కసారైనా చూపించావా?"

ముందు ఓదీల్ నవ్వింది. భాష రాకపోయినా ఆవిడకు అంతా అర్థమైపోయింది. తర్వాత ఆ ఇద్దరు ముసలాళ్ళే ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

పావురాలను బుట్టల్లో పెట్టి తీసుకుపోదామా అని తమ్ముడు అడిగితే, ఎందుకు, వాటికి దారి తెలుసు, వాన లేదు, కడుపు నిండింది అన్నాడు తాత. వేరే ఊళ్ళవాళ్ళను టోగ్‌లో అడిగితే వాళ్ళూ అదే మాటన్నారు. కొట్టం రెండు తలుపులూ బార్లా తెరిచి మేమంతా పక్కకు జరిగాం. మొదట ఒకటి గడప మీదికి వచ్చి నిలబడి తల తిప్పి చూసింది. తర్వాత అన్నీ ఒక్కసారి లేచాయి. ఆ చప్పుడుకు పిల్లి బండి కిందికి పరిగెత్తింది. పావురాలు పొలం మీద ఒక పెద్ద చుట్టు తిరిగి, ఇంకోటి తిరిగి, ఉత్తరానికి మళ్ళాయి. తమ్ముడు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. ఫొటో తీయడం వాడికి తోచలేదు. టూలిక్కి తీసింది.

ఓదీల్ మమ్మల్ని కదలనివ్వలేదు. వాకిట్లో బల్ల వేసి, కోడి కూర, రొట్టె, తన చికోరీ ఆకుల సలాడు పెట్టింది. మా ఊళ్ళో సంత స్థలం కోసం రెండేళ్ళుగా కొట్టుకుంటున్నారు, అందరూ ఒకచోట రాసుకునేందుకు ఇలాంటి పేజీ మాకూ ఒకటి పెట్టుకోవచ్చా అని అడిగింది. ఎవర్నీ అడగక్కర్లేదు అన్నాడు తమ్ముడు. అయినా నేనే వచ్చి పెడతాను అన్నాడు వెంటనే. నేను కూడా అంది టూలిక్కి, నువ్వొక్కడివే వస్తే తలుపులు కూడా విప్పేస్తావు.

జున్ను ముక్కలు వచ్చే వేళకు అషీల్ ఫోను మోగింది. ఆయన భార్య.

"పిట్టలన్నీ వచ్చేశాయి" అంది. "ఇంక నువ్వెప్పుడొస్తావు?"

అషీల్ తన పళ్ళెం వైపు చూసుకున్నాడు.

"గాలి ఎదురుగా ఉంది" అన్నాడు. "సాయంత్రమవుతుంది."